జపాన్ బుల్లి ట్రక్కు: కొనడం తేలిక, పోషణే బరువు

ఖిదిర్‌పూర్ సందుల నుంచి జహీరాబాద్ కర్మాగారం వరకు నలభయ్యేళ్ల అనుభవం

కోల్‌కతా: హుగ్లీ నది ఒడ్డున 1892లో ప్రారంభమైన రేవును ఆనుకొని పెరిగిన పేట ఖిదిర్‌పూర్. ఓడ నుంచి దిగిన సరుకు గిడ్డంగికి పెద్ద లారీలో చేరవచ్చు గాని, గిడ్డంగి నుంచి దుకాణం గుమ్మానికి చేరాలంటే చిన్న బండి తప్పనిసరి. విదేశీ వస్తువులకు పేరుపడిన ఫ్యాన్సీ మార్కెట్ పరిసరాలలో, ఆర్ఫన్‌గంజ్ బజారు చుట్టుపక్కల సందులలో పెద్ద లారీ మలుపు తిరగదు. పగటి వేళ నగరంలో భారీ వాహనాల సంచారంపై పోలీసుల ఆంక్షలు సరేసరి. 2018 సెప్టెంబరు 4న సమీపంలోని మాఝేర్‌హాట్ వంతెన కూలిన తరువాత, 2020 డిసెంబరులో కొత్త వంతెన తెరిచే వరకు ఈ ప్రాంతానికి రాకపోకలు మరింత దుర్భరమయ్యాయి. ఇటువంటి చోట ఒక టన్నులోపు బరువు మోసే బుల్లి ట్రక్కే సరుకు రవాణాకు ఆధారం.

ఆ ట్రక్కు వెనుక ఉండేది చాలా సందర్భాలలో పెద్ద రవాణా సంస్థ కాదు, ఒక కుటుంబం. యజమానే డ్రైవరు, యజమానే గుమాస్తా. బండి షెడ్డులో నిలిచిపోయిన రోజున కిరాయి రాదు. కిరాయి రాకపోయినా అప్పు వాయిదా ఆగదు. కనుక బండి కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ధర ఎంత అన్నది కాదు, చెడిపోతే ఎన్నాళ్లలో బాగవుతుంది, ఎంతకు బాగవుతుంది అన్నది. జపాన్ చిన్న ట్రక్కుల విషయంలో ఈ ప్రశ్నకు భారతదేశం నలభయ్యేళ్లుగా సమాధానం వెతుక్కుంటూ వచ్చింది. ఆ కథలో నాటి ఆంధ్రప్రదేశ్‌కు కూడా ప్రధాన పాత్ర ఉన్నది.

మూడున్నర మీటర్లకు లోపే

జపాన్‌లో 'కెయి' తరగతి వాహనాలకు ప్రభుత్వమే కొలతలు నిర్ణయించింది. 1976 నుంచి ఇంజను పరిమాణం 550 సి.సి. దాటరాదు; 1990లో దానిని 660 సి.సి.కి పెంచారు. 1998 నుంచి అమలైన నిబంధనల ప్రకారం పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు మించరాదు. ఈ తరగతి ట్రక్కు మోయదగిన బరువు 350 కిలోలు మాత్రమే. పన్ను, బీమా విషయాలలో రాయితీలు లభించడంతో అక్కడి రైతులు, చిల్లర వర్తకులు, చేపల వ్యాపారులు వీటిని విరివిగా కొంటూ వచ్చారు. దైహాత్సు హైజెట్ 1960లోను, సుజుకి క్యారీ 1961లోను రంగప్రవేశం చేశాయి. హోండా యాక్టీ, సుబారు సాంబార్, మిత్సుబిషి మినీక్యాబ్ కూడా ఈ తరగతికి చెందినవే.

జపాన్ యజమాని నిర్ణీత కాలానికొకసారి కఠినమైన ప్రభుత్వ తనిఖీకి బండిని చూపించవలసి ఉంటుంది. అందువలన అక్కడ పాతబడిన ట్రక్కు కూడా ఇతర దేశాల కంటికి కొత్తదిగానే కనిపిస్తుంది. వాడిన జపాన్ వాహనాలు బంగ్లాదేశ్, శ్రీలంక, ఆఫ్రికా దేశాలకు ఓడలలో తరలివెళ్తూ వచ్చాయి. 25 ఏళ్లు నిండిన వాహనాలకు సడలింపు ఉన్న అమెరికాలో సైతం రైతులు, అభిరుచిపరులు వీటిని తెప్పించుకుంటున్నారు.

రేవు ఎదురుగానే ఉన్నా దారి లేదు

ఇంత పేరున్న బండిని ఖిదిర్‌పూర్ వర్తకుడు నేరుగా జపాన్ నుంచి ఎందుకు తెప్పించుకోకూడదు? కేంద్ర ప్రభుత్వ దిగుమతి విధానం అందుకు అడ్డు నిలుస్తున్నది. వాడిన వాహనం తయారై మూడేళ్లు దాటి ఉండరాదు. స్టీరింగు కుడివైపు ఉండాలి. మరో ఐదేళ్లపాటు రోడ్డుపై తిరగగల స్థితిలో ఉన్నట్లు ధ్రువీకరణ కావాలి. అన్నిటికీ మించి, అటువంటి వాహనం ముంబయి రేవు ద్వారా మాత్రమే దేశంలోకి రావాలి. ఫలితంగా, రేవు గేటుకు ఎదురుగా కాపురమున్న మనిషికి కూడా పాత జపాన్ ట్రక్కు ఆ గేటు గుండా చేరదు. సుంకం, పరీక్షలు, ముంబయి నుంచి రవాణా ఖర్చు కలుపుకొంటే 350 కిలోలు మోసే బండి ఏ లెక్కకూ గిట్టుబాటు కాదు.

అయినప్పటికీ జపాన్ ట్రక్కు మరొక దారిన దేశంలో ప్రవేశించింది. విడిభాగాలుగా వచ్చి, ఇక్కడ బిగింపు పొంది, స్వదేశీ పేరు తగిలించుకొని రోడ్డెక్కింది.

జహీరాబాద్‌లో నిస్సాన్

1980ల ప్రథమార్ధంలో తేలికపాటి వాణిజ్య వాహనాల రంగంలోకి జపాన్ సాంకేతిక విజ్ఞానాన్ని ఆహ్వానించాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. దరిమిలా నాలుగు సంస్థలు వెలిశాయి. ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో డి.సి.ఎం. - టొయోటా, పంజాబ్‌లో స్వరాజ్ - మాజ్దా, మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో ఐషర్ - మిత్సుబిషి, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని జహీరాబాద్‌లో ఆల్విన్ - నిస్సాన్. రిఫ్రిజిరేటర్లు, చేతి గడియారాలతో ఇంటింటికీ తెలిసిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నాటి మెదక్ జిల్లాలోని జహీరాబాద్‌లో నిస్సాన్ 'క్యాబ్‌స్టార్' ట్రక్కుల తయారీకి పూనుకున్నది. ఇవి కెయి ట్రక్కుల కంటె పెద్దవే అయినా, నాటి లారీలతో పోలిస్తే చిన్నవి, చురుకైనవి.

క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకు తేడా మొదటి రోజునే తెలిసింది. శబ్దం తక్కువ, గేరు మెత్తన, స్టీరింగు తేలిక. పెద్ద లారీ స్టీరింగుతో కుస్తీపట్టిన చేతులకు ఇది వేరే లోకం. నగరాలలోని రవాణాదారులు ఆసక్తి చూపారు.

కాని ఒప్పందాలలో ఒక షరతు ఉన్నది. మొదట జపాన్ నుంచి భాగాలు తెప్పించి బిగించినా, నిర్ణీత కాలవ్యవధిలో అంచెలంచెలుగా వాటిని ఇక్కడే తయారు చేయించాలి. ఆ గడువు పూర్తయ్యేలోగా ప్రపంచ ద్రవ్య విపణిలో పెద్ద మార్పు సంభవించింది.

యెన్ దెబ్బ

1985 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో ఐదు సంపన్న దేశాల ఆర్థిక మంత్రులు సమావేశమై డాలరు విలువ తగ్గించాలని అంగీకారానికి వచ్చారు. అప్పటికి డాలరుకు సుమారు 240 యెన్లు పలుకుతుండేవి. 1987 చివరికి అవి 120 పరిసరాలకు దిగివచ్చాయి. అంటే రెండేళ్ల కాలంలో జపాన్ ద్రవ్యం విలువ దాదాపు రెట్టింపయింది.

ఈ అంకెలు ట్రక్కు యజమానికి ఏ విధంగా వర్తిస్తాయో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. జపాన్‌లో 10,000 యెన్ల ఖరీదు చేసే ఒక భాగాన్ని తీసుకుందాం. 1985లో డాలరుకు రమారమి 12 రూపాయలు. కనుక సుంకం కలపకుండా ఆ భాగం ధర సుమారు 500 రూపాయలు. 1987 చివరిలో అదే భాగానికి వెయ్యి రూపాయలకు పైగా చెల్లించవలసి వచ్చింది. 1991 జూలైలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించిన తరువాత అది 1,800 రూపాయలు దాటింది. భాగం మారలేదు, దాని నాణ్యత మారలేదు. ఆరేళ్లలో ధర మాత్రం మూడున్నర రెట్లు పెరిగింది. దీనిపై సుంకం, మధ్యవర్తుల లాభం అదనం.

ఈ దెబ్బ కంపెనీలకు ముందు తగిలింది. భాగాల ఖర్చు పెరగడంతో ట్రక్కు ధర పెంచక తప్పలేదు. సరిగ్గా అదే సమయంలో, 1986లో, టెల్కో సంస్థ స్వదేశంలోనే రూపొందించిన '407' ట్రక్కును విడుదల చేసింది. సౌఖ్యంలో జపాన్ బండ్లకు తీసికట్టే గాని, దాని భాగాలు ఏ ఊరి దుకాణంలోనైనా దొరికేవి. మన రోడ్లను, మన బరువులను దృష్టిలో ఉంచుకొని చేసినది. పోటీ ఫలితం త్వరలోనే తేలిపోయింది.

ఆల్విన్ - నిస్సాన్ 1980ల చివరిలో మహీంద్రా అధీనంలోకి వెళ్లింది. డి.సి.ఎం. - టొయోటా 1990ల మధ్యలో కొరియాకు చెందిన డేవూ చేతికి వచ్చి కార్ల కర్మాగారంగా మారింది. ఐషర్ కాలక్రమేణా సొంత కాళ్లపై నిలబడి 2008లో వోల్వోతో చేతులు కలిపింది. స్వరాజ్ - మాజ్దా 2011లో ఎస్.ఎం.ఎల్. ఇసుజుగా పేరు మార్చుకొని, 2025లో అది కూడా మహీంద్రా యాజమాన్యంలోకే చేరింది. నాలుగింటిలో రెండు చివరికి ఒకే ఇంటికి చేరడం గమనార్హం. భాగాలను త్వరగా స్వదేశీకరించుకున్న సంస్థల బండ్లు రోడ్డుపై మిగిలాయి. తక్కినవాటి యజమానులు పాత సామాను బజార్లను ఆశ్రయించారు.

బేరింగుకు దేశం లేదు

కోల్‌కతాలో ఆ బజారు మల్లిక్ బజార్. పాత వాహనాలను విప్పి, పనికివచ్చే భాగాలను వేరుచేసి అమ్మే ఈ కేంద్రం ఖిదిర్‌పూర్ యజమానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. కంపెనీ సరఫరా ఆగిపోయిన బండికి ఇదే ఆస్పత్రి. అయితే ఇక్కడ అన్నీ దొరకవు. జపాన్ ట్రక్కు భాగాలను రెండు రకాలుగా విభజించి చూడవలసి ఉంటుంది.

మొదటి రకం, కొలతను బట్టి దొరికేవి. బేరింగుకు దేశం లేదు, సంఖ్య మాత్రమే ఉన్నది. పాత బేరింగు అంచు మీద చెక్కిన సంఖ్య చదవగలిగితే, అదే కొలతగల స్వదేశీ బేరింగు తెచ్చి బిగించవచ్చు. ఆయిల్ సీళ్లు, ఫ్యాను బెల్టులు, బల్బులు, టైర్లు, బ్యాటరీలు ఈ కోవకు చెందినవే. బ్రేకు లైనింగు అతికించేవారు, కమాను పట్టీలు వంచేవారు, రేడియేటరుకు మాటు వేసేవారు ప్రతి పట్టణంలోను ఉన్నారు.

రెండవ రకం, ఆ బండికే ప్రత్యేకమైనవి. గేరుబాక్సు పళ్లచక్రాలు, క్రాంకు షాఫ్టు, ముందు అద్దం, తలుపు రేకులు, డీజిలు పంపు లోపలి భాగాలు ఇటువంటివి. వీటిలో ఒక్కటి పోతే బండి వారాల తరబడి నిలిచిపోవచ్చు. అనుభవజ్ఞుడైన యజమాని బండి బేరమాడేటప్పుడు రంగును, టైర్లను చూసి మోసపోడు. గేరు మార్చి శబ్దం వింటాడు, అద్దం పగుళ్లు చూస్తాడు, అదే నమూనా బండ్లు ఊరిలో ఇంకా ఎన్ని తిరుగుతున్నాయో విచారిస్తాడు. తోటి బండ్లు ఎక్కువగా ఉంటే భాగాలు దొరుకుతాయి. తన బండి ఒంటరిదైతే కష్టకాలంలో తానూ ఒంటరివాడే.

ఇందుకు ప్రబల నిదర్శనం మారుతి వ్యాన్. సుజుకి క్యారీ నమూనా ఆధారంగా 1984లో వెలువడి, తరువాత 'ఆమ్ని'గా ప్రసిద్ధి చెందిన ఈ బండి నిజానికి జపాన్ బుల్లి వాహనపు వారసురాలే. దాని 796 సి.సి. ఇంజనునే మారుతి 800 కారులోను అమర్చడం వలన, కారు ఇంజనుకు దొరికే భాగాలు వ్యాన్‌కు కూడా ఉపయోగపడ్డాయి. 2019లో ఆమ్ని తయారీ నిలిపివేసే వరకు మూడున్నర దశాబ్దాల పాటు అది చిన్న వ్యాపారుల సరుకు బండిగా కూడా తిరిగింది. జన్మతః రెండూ జపాన్ వాహనాలే అయినా, విడిభాగం వీధి చివర దొరకడం ఒకదానిని నిలబెట్టింది. దొరకకపోవడం మరొకదానిని కూలదోసింది.

షెడ్డుకు వెళ్లకముందే

చిన్న ట్రక్కుల నిర్మాణంలోనే కొన్ని బలహీనతలు ఇమిడి ఉన్నాయి. ఇంజను సాధారణంగా సీటు కింద ఉంటుంది. స్థలం కలిసివస్తుంది గాని, సీటు ఎత్తితే తప్ప ఆయిలు కొలవడం కుదరదు. ఎత్తడానికి బద్ధకించినవారు ఇంజను పాడుచేసుకుంటారు. కొన్ని నమూనాలలో రేడియేటరు ముందుండి, ఇంజను వెనుక ఉండటం వలన నీటి గొట్టాలు పొడవుగా ఉంటాయి. నీరు మార్చినప్పుడు గొట్టాలలో గాలి చిక్కుకుంటే ఇంజను వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనులో దానిని గడువుకు మార్చకపోతే బండి నడిరోడ్డుపై ఉన్నట్టుండి ఆగిపోతుంది. ముందుగా మార్చే బెల్టు ఖర్చు, తెగిన తరువాత పోయే కిరాయితో పోలిస్తే స్వల్పం.

చక్రాలు చిన్నవి కనుక ప్రతి గుంతా పెద్దదే. 350 కిలోలకు రూపొందించిన బండిపై 700 కిలోలు వేసినా మొదటి రోజు ఏమీ కాదు. కొన్ని నెలల తరువాత కమాను పట్టీ విరుగుతుంది, చక్రపు బేరింగు కూస్తుంది, బ్రేకు డ్రమ్ము వేడికి పగులుతుంది. అధిక బరువు వలన వచ్చిన అదనపు కిరాయిని మెకానిక్కుకు చెల్లించిన తరువాత మిగిలేది ఏమిటో లెక్క వేసుకునే యజమానులు అరుదు.

ఇక హుగ్లీ తీరపు తేమ. వర్షాకాలంలో ఖిదిర్‌పూర్ వీధులలో నీరు నిలవడం పరిపాటి. మురుగు నీటిలో తడిసిన ఛాసిస్‌ను కడిగి ఆరబెట్టకపోతే తుప్పు లోపలి నుంచి తినివేస్తుంది. పైకి కనిపించే రేకు తుప్పు కంటె, కంటికి కనిపించని బ్రేకు గొట్టం తుప్పు ప్రమాదకరం. వర్షాకాలానికి ముందు అడుగుభాగానికి రంగు వేయించడం, నీటిలో తిరిగిన తరువాత చక్రపు గ్రీజు, గేరు ఆయిలు పరీక్షించడం ఇక్కడ విలాసం కాదు, అవసరం. ఆయిలులో నీరు కలిస్తే అది పాల రంగుకు మారుతుంది. ఆ గుర్తు చూసిన తరువాత కూడా బండి నడిపితే గేరుబాక్సు దక్కదు.

2009 జూలై 31

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నప్పటికీ యజమాని చేతిలో లేని విషయం ఒకటి ఉన్నది. కోల్‌కతా వాయు కాలుష్యంపై దాఖలైన ప్రజాహిత వ్యాజ్యంలో కలకత్తా హైకోర్టు 2008 జూలైలో కీలకమైన ఉత్తర్వు వెలువరించింది. 1993 జనవరి 1కి ముందు రిజిస్టరైన వాణిజ్య వాహనాలను కోల్‌కతా మెట్రోపాలిటన్ ప్రాంతం నుంచి తొలగించాలని ఆదేశించింది. మొదట ఇచ్చిన గడువును పొడిగించిన మీదట, 2009 జూలై 31తో ఆ బండ్ల కాలం చెల్లింది.

జపాన్ సహకారంతో తయారైన తొలి తరం ట్రక్కులు రోడ్డెక్కినది 1985 తరువాతి సంవత్సరాలలోనే. అంటే ఆ తేదీ వాటిలో అధిక భాగాన్ని ఒక్కసారిగా నగరానికి దూరం చేసింది. యెన్ దెబ్బకు తట్టుకొని, మల్లిక్ బజార్ భాగాలతో ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చిన బండికి, నిర్లక్ష్యంగా పొగ కక్కుతూ తిరిగిన బండికి కోర్టు దృష్టిలో భేదం లేదు. కొలమానం రిజిస్ట్రేషను తేదీ ఒక్కటే. నగరవాసి ఊపిరితిత్తుల దృష్ట్యా ఆ ఉత్తర్వు అవసరమైనదే కావచ్చు. కాని ఆ బండినే జీవనాధారం చేసుకున్న కుటుంబానికి అది చేతికొచ్చిన ఆస్తి ఒక్క రోజులో తుక్కు ధరకు దిగిపోవడమే.

దీని నుంచి గ్రహించవలసిన పాఠం స్పష్టం. వాణిజ్య వాహనానికి యంత్ర ఆయుర్దాయం వేరు, చట్టం ఇచ్చిన ఆయుర్దాయం వేరు. పోషణ మొదటిదానిని పెంచగలదే గాని రెండవదానిని పెంచలేదు. కనుక కొన్ననాటి నుంచే ప్రతి నెల కిరాయిలో కొంత భాగాన్ని తదుపరి బండికోసం వేరుగా దాచుకోని యజమాని, ఎంత శ్రద్ధగా ఆయిలు మార్చినా చివరికి అప్పుతోనే మిగులుతాడు.

మళ్లీ కోల్‌కతాకు సుజుకి

2005లో టాటా సంస్థ 702 సి.సి. డీజిలు ఇంజనుతో 'ఏస్'ను విడుదల చేయడంతో బుల్లి ట్రక్కుల రంగం రూపురేఖలు మారిపోయాయి. 'ఛోటా హాథీ' అని జనం పిలుచుకున్న ఈ బండి ఆకారంలో జపాన్ కెయి ట్రక్కును తలపించినా, 750 కిలోలు మోయగలిగేలా ఇక్కడే రూపొందినది. పదకొండేళ్ల తరువాత, 2016లో, మారుతి సుజుకి 'సూపర్ క్యారీ' పేరుతో అదే బరిలోకి దిగింది. దానిని మొదట విడుదల చేసిన మూడు నగరాలు అహ్మదాబాద్, లూధియానా, కోల్‌కతా కావడం విశేషం. 793 సి.సి. డీజిలు ఇంజనుతో 740 కిలోలు మోసే ఆ బండి గురుగ్రామ్‌లో తయారై విదేశాలకు ఎగుమతి కూడా అయింది. 2020లో భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో డీజిలు ఇంజనుకు స్వస్తి చెప్పి, పెట్రోలు, సి.ఎన్.జి. నమూనాలకే పరిమితమైంది.

ఒకప్పుడు జపాన్ నుంచి భాగాలు తెప్పించుకొని యెన్ విలువ చూసి వణికిన దేశం, అదే జపాన్ పేరుగల ట్రక్కును ఇతర దేశాలకు పంపే స్థితికి చేరిందన్నమాట. ఈ మార్పు ఖిదిర్‌పూర్ యజమానికి చేసిన మేలు అతడి విడిభాగాల బిల్లులో కనిపిస్తుంది.

యజమాని ఖాతా

అయితే ఖర్చులన్నీ విడిభాగాలవే కావు. ఎనిమిదేళ్ల వయసు వరకు రవాణా వాహనానికి రెండేళ్లకొకసారి, ఆ పైన ఏటేటా ఎఫ్.సి. చేయించుకోవాలి. 7,500 కిలోలలోపు సరుకు వాహనానికి 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం ఏడాదికి మూడవ పక్షం బీమా ప్రీమియం 16,049 రూపాయలు. అంటే 740 కిలోలు మోసే బుల్లి ట్రక్కు, దానికి ఎన్నో రెట్లు బరువు మోసే మధ్యతరహా లారీ ఒకే పద్దులోకి వస్తాయి. సంపాదన తక్కువైన బండిపై ఈ భారం ఎక్కువగా పడుతున్నది.

కొంత ఊరట కూడా లేకపోలేదు. తేలికపాటి మోటారు వాహనం లైసెన్సు ఉన్న వ్యక్తి 7,500 కిలోలలోపు రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. ప్రమాదం జరిగినప్పుడు లైసెన్సు సాకుతో పరిహారం వివాదాస్పదమయ్యే పరిస్థితి దీనితో తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాలపైన, విడిభాగాలపైన జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది.

2016లో కోల్‌కతాలో తొలి సూపర్ క్యారీ కొన్న వ్యక్తికి 2031తో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పటికి అతడి బండి ఇంజను చక్కగానే పని చేస్తూ ఉండవచ్చు. కాని ఆనాటి ఉద్గార నిబంధనలు, ఎఫ్.సి. షరతులు దానిని రోడ్డు మీద ఉండనిస్తాయా అన్నది వేరే ప్రశ్న. 2009 అనుభవం తెలిసిన యజమాని ఆ తేదీ కోసం ఎదురుచూడడు. నేటి నుంచే లెక్క వేసుకుంటాడు.

జహీరాబాద్‌లో ఒకప్పుడు క్యాబ్‌స్టార్ ట్రక్కులు తయారైన ఊరి నుంచి తరువాతి కాలంలో మహీంద్రా ట్రాక్టర్లు వెలువడ్డాయి. ఖిదిర్‌పూర్ సందులలో క్యాబ్‌స్టార్ స్థానాన్ని స్వదేశీ బుల్లి ట్రక్కులు ఆక్రమించాయి. బండి పేర్లు మారినా యజమాని వేయవలసిన ప్రశ్నలు మాత్రం మారలేదు. భాగం ఎక్కడ తయారవుతున్నది? దాని ధర ఏ దేశపు నాణెంతో ముడిపడి ఉన్నది? చట్టం ఈ బండిని ఎన్నాళ్లు తిరగనిస్తుంది? ఈ మూడింటికి సమాధానం తెలియకుండా సంతకం చేసినవాడు, కొన్నది ఎంత గొప్ప జపాన్ ఇంజను అయినప్పటికీ, అప్పు తీరకముందే తుక్కు దుకాణం మెట్లెక్కవలసి రావచ్చు.